జిప్పు చెప్పే సంవత్సరం

రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా వైమానికులు వేసుకున్న ఏ-2 తోలు జాకెట్‌కు ముందువైపు రెండు పెద్ద జేబులుంటాయి. వాటిలో చెయ్యి పెట్టాలంటే మూత ఎత్తాలి, కింద దాగిన టిచ్ బటన్ విప్పాలి. పక్కనుంచి చేతులు దూర్చి వెచ్చబరుచుకునే వీలు లేదు. జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడటం సైనికుడికి తగదని ఆనాటి సైన్యం భావించేది. ఇవాళ ఏ-2 పేరుతో అమ్ముడయ్యే జాకెట్లలో చాలావాటికి జేబు వెనక మరో అర ఉంటుంది, అందులోకి పక్కనుంచి చెయ్యి దూరుతుంది. అది కనబడితే ఆ జాకెట్ నకిలీదని తీర్పు చెప్పనక్కర్లేదు. అమెరికా వైమానిక దళం 1988లో ఏ-2ను మళ్లీ తెచ్చింది, ఆ తర్వాతి తరాల్లో పక్క అరలు కూడా వచ్చాయి. కానీ 1943 నాటిదని చెప్పి అమ్ముతుంటే బేరం అక్కడితో ఆపేయవచ్చు.

పాత తోలు జాకెట్లు, సైన్యం వదిలించుకున్న కోట్లు సేకరించాలనుకునేవారు ముందుగా ఒంటబట్టించుకోవాల్సిన పద్ధతి ఇదే. కోటులో ప్రతి భాగానికీ ఒక పుట్టుక ఉంది. జిప్పుది ఒక కాలం, దారానిది ఒక కాలం, లేబుల్ మీది అంకెది ఒక కాలం. వీటిలో అన్నిటికన్నా కొత్తది ఏదో పట్టుకుంటే చాలు, కోటు దానికన్నా పాతది కాజాలదు. మధ్యలో ఎవరైనా మరమ్మతు చేయించి ఉంటే లెక్క మారుతుంది. ఆ మరమ్మతును కూడా తోలు దాచుకోలేదు. గుడ్డలో సూది చేసిన రంధ్రం ఉతికితే కలిసిపోవచ్చు, తోలులో మాత్రం అలాగే ఉండిపోతుంది. కొత్త కుట్టు పక్కన పాత రంధ్రాల వరస కనిపిస్తే జిప్పో, అస్తరో మార్చారన్నమాట.

ఏ-2 విషయమే ఇంకొంచెం చూద్దాం, ఎందుకంటే దీన్ని చదవడం వస్తే మిగతావి తేలికవుతాయి. 1927 నాటి ఏ-1 జాకెట్‌కు గుండీలుండేవి. దాని స్థానంలో జిప్పుతో ఏ-2ను 1931 మేలో ప్రామాణిక దుస్తుగా తీసుకున్నారు. కుట్టే పని ఒక్క కంపెనీకి ఇవ్వలేదు. న్యూయార్క్ రాష్ట్రం బీకన్‌లోని ఏరో లెదర్, పెన్సిల్వేనియా మిడిల్‌టౌన్‌లోని రఫ్ వేర్, షికాగోలోని డుబో, ఇంకా పెర్రీ, మొనార్క్, బ్రాంకో, స్టార్ వంటి ఎన్నో కంపెనీలు కాంట్రాక్టులు తీసుకున్నాయి. నమూనా ఒక్కటే అయినా కత్తిరించిన చేతులు వేరు. ఒకరి కాలర్ మొన తేలి ఉంటుంది, మరొకరిది గుండ్రంగా వంగుతుంది, జేబు మూత ఒక్కో కంపెనీలో ఒక్కో తీరుగా ఉంటుంది. అనుభవం ఉన్నవారు లేబుల్ చిరిగిపోయిన జాకెట్‌ను కూడా కాలర్ చూసి ఫలానా కంపెనీది అని చెప్పగలిగేది అందుకే. అందరూ పాటించినవి మాత్రం కొన్నున్నాయి. వీపు ఒకే ముక్క తోలు, మధ్యలో అతుకు ఉండదు. కాలర్ కొసలను పట్టి ఉంచే టిచ్ బటన్లు, గొంతు దగ్గర ఇనుప హుక్కు, భుజపట్టీలు, నడుముకూ ముంజేతులకూ ఊలు అల్లిక. చౌక నకళ్లలో వీపు మధ్య కుట్టు కనిపించడం మామూలు. చిన్న చర్మాలతో సరిపెట్టుకోవాల్సి వస్తే రెండు ముక్కలు అతకక తప్పదు.

1943లో అమెరికా సైనిక వైమానిక దళాధిపతి జనరల్ హాప్ ఆర్నాల్డ్ తోలు జాకెట్ల కొత్త కొనుగోళ్లను ఆపించి గుడ్డ జాకెట్ల వైపు మళ్లించాడు. అంటే అసలైన పాత ఏ-2లన్నీ దాదాపు పన్నెండేళ్ల వ్యవధిలో పుట్టినవే. సంఖ్య పెరిగే అవకాశం లేదు, అడిగేవాళ్లు మాత్రం పెరుగుతూనే ఉన్నారు. నకిలీలకు ఇంతకన్నా అనువైన నేల ఉండదు.

అందుకే కొత్తగా మొదలుపెట్టేవారు ఏ-2 జోలికి వెళ్లకూడదు. మొదటి కొనుగోలు ఎం-65 ఫీల్డ్ జాకెట్ అయితే మంచిది. అమెరికా సైన్యంలో ఎం-1943, ఎం-51ల తర్వాత 1965లో వచ్చిన ఈ ఆకుపచ్చ నూలు-నైలాన్ కోటును దశాబ్దాల పాటు కుట్టారు, లక్షల్లో కుట్టారు. దొరకడం కష్టం కాదు, వేసుకోవడానికి పనికొస్తుంది, పొరపాటున తప్పుడుది కొన్నా ఇల్లు గుల్ల కాదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇది అక్షరాలా చదవడానికి వీలైన కోటు.

లేబుల్ మీది అంకెలు

మెడ లోపలివైపు కుట్టిన తెల్లని లేబుల్‌ను వెలుతురులో పెట్టి చూడాలి. పైన సైన్యం మాటల్లో కోటు పేరు ఉంటుంది: ముందు కోట్, తర్వాత కోల్డ్ వెదర్, తర్వాత మ్యాన్స్, చివర ఫీల్డ్. గిడ్డంగి చిట్టాలో వెతకడానికి అనువుగా అసలు నామవాచకం ముందొస్తుంది, విశేషణాలు వెనక వస్తాయి. బజారు కోసం కుట్టిన కోటుకు ఎవరూ ఇలా పేరు పెట్టరు. దాని కింద కాంట్రాక్టు సంఖ్య. అది "డీఎస్‌ఏ 100-68-సీ" అని మొదలై మరికొన్ని అంకెలతో ముగుస్తుందనుకుందాం. డీఎస్‌ఏ అంటే డిఫెన్స్ సప్లై ఏజెన్సీ, అమెరికా రక్షణ శాఖకు సరుకులు కొనిపెట్టిన సంస్థ. 68 అంటే 1968 ఆర్థిక సంవత్సరం. ఆ రోజుల్లో అక్కడి ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలయ్యేది, 1976లోనే దాన్ని అక్టోబరుకు మార్చారు. కనుక 68 అని ఉన్న కాంట్రాక్టు 1967 జులై నుంచి 1968 జూన్ లోపు ఎప్పుడైనా రాసుకున్నది కావచ్చు. కోటు కుట్టి గిడ్డంగికి చేరింది ఇంకా తర్వాత.

ఆ సంస్థ పేరు 1977లో డిఫెన్స్ లాజిస్టిక్స్ ఏజెన్సీగా మారింది. అప్పటి నుంచి లేబుళ్ల మీద డీఎల్‌ఏ అని పడింది. అంటే మొదటి మూడక్షరాలతోనే కోటు ఏ దశాబ్దందో స్థూలంగా తేలిపోతుంది. ఎవరైనా డీఎల్‌ఏ కోటు చూపించి వియత్నాం అడవుల్లో తిరిగొచ్చిందని చెబితే, అమెరికా సైన్యం ఆ యుద్ధం నుంచి 1973లోనే వెనుదిరిగిందన్న సంగతి గుర్తుచేసుకుంటే చాలు.

మూడో ఆధారం స్టాక్ నంబరు. అది దుస్తుల తరగతిని సూచించే 8415తో మొదలవుతుంది. 1974కు ముందు ఇది పదకొండు అంకెలు, తర్వాత పదమూడు. కొత్తగా చేరిన రెండంకెలు దేశాన్ని చెబుతాయి. 00 లేదా 01 ఉంటే అమెరికా, 99 ఉంటే బ్రిటన్, 12 ఉంటే జర్మనీ, 14 ఉంటే ఫ్రాన్స్. ఈ ఒక్క వరస తెలిసినవారు ఏ ఊళ్లో ఏ సర్‌ప్లస్ దుకాణానికి వెళ్లినా తడబడరు. జర్మన్ పార్కాను అమెరికాదని అంటగట్టే వ్యాపారి ముందు వాదించాల్సిన పని కూడా లేదు, లేబుల్ మీద వేలు పెట్టి చూపిస్తే సరిపోతుంది.

కాంట్రాక్టు సంఖ్య అసలే లేకపోతే? అప్పుడది సైన్యానికి కాక దుకాణాలకు కుట్టిన కోటు అయ్యుంటుంది. 1959లో టెనెసీ రాష్ట్రం నాక్స్‌విల్‌లో మొదలైన ఆల్ఫా ఇండస్ట్రీస్ వంటి కంపెనీలు రెండు రకాలూ కుట్టాయి, కుట్టు నాణ్యతలో తేడా తక్కువ. పెద్ద అక్షరాల్లో కంపెనీ ముద్ర, ఫలానా దేశంలో తయారైనదన్న మాట, ఉతికే విధానం చెప్పే బొమ్మలు ఉంటే దుకాణపు కోటే. ఉతికే సూచనలను బట్టల మీద కుట్టి తీరాలన్న అమెరికా నిబంధన 1972లో అమల్లోకి వచ్చింది, బొమ్మల వాడకం 1990ల మాట. దుకాణపు కోటు కొనడం తప్పేమీ కాదు. దుకాణపు ధర ఇచ్చి కొనాలి, అంతే.

లేబుల్ ఉతుకులకు వెలిసి ఏమీ కనిపించనప్పుడు ఒంటి గుర్తులే దిక్కు. తొలి ఎం-65లకు భుజపట్టీలు లేవు. తర్వాతి తరంలో పట్టీలు వచ్చాయి, జిప్పు మాత్రం అల్యూమినియందే ఉంది. ఆ తర్వాత ఇత్తడి జిప్పు వచ్చింది. కాలర్‌లో మడిచి దాచిన టోపీ, ముంజేతి దగ్గర వెల్‌క్రో, దాని లోపల అరచేతిని కప్పేలా విప్పుకునే త్రికోణపు ముక్క ఎం-65కు ప్రత్యేకం. ముదురు ఆకుపచ్చ రంగులో కాకుండా చెట్టూ చేమా నమూనాలో ఉంటే 1980లలోకి వచ్చినట్టే. 1976 నాటి "ట్యాక్సీ డ్రైవర్"లో రాబర్ట్ డినిరో వేసుకున్నప్పటి నుంచి ఈ కోటుకు సినిమా మోజు అంటుకుంది. ఆ మోజు ధరను పెంచుతుంది గానీ కోటును పాతదిగా మార్చదు.

బ్రిటిష్ వస్తువుల సంగతి వేరు. అక్కడ సర్కారు సొత్తుకు శతాబ్దాలుగా బాణపు ములికి గుర్తు వేశారు. అస్తరు మీదో, జేబు లోపలో సిరా ముద్రగా అది కనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో భారతదేశంలో తయారైన సరుకుల మీద ఆ ములికితో పాటు ఇంగ్లిష్ ఐ అక్షరం ఉంటుంది. మన మిల్లుల్లో నేసి, మన కార్ఖానాల్లో కుట్టిన ఖాకీ మీద ఆ గుర్తు ఇప్పటికీ లండన్ పాత బట్టల బజార్లలో తేలుతూ ఉంటుంది. తెలుగు సేకర్తలు దీని మీద ప్రత్యేకంగా కన్నేయడంలో న్యాయముంది. విదేశీ సేకర్తలు అమెరికా తోలు వెంట పడుతున్నంత కాలం భారత ముద్ర ఉన్న సరుకును శ్రద్ధగా నమోదు చేసేవాళ్లు తక్కువే ఉంటారు.

జిప్పు, దారం, తోలు

జిప్పుకు ఇవాళ మనమెరిగిన రూపం ఇచ్చిన గిడియన్ సుండ్‌బ్యాక్‌కు 1917లో పేటెంట్ వచ్చింది. ఆయన పనిచేసిన కంపెనీయే తర్వాత టాలన్ అయింది, పెన్సిల్వేనియాలోని మీడ్‌విల్ దాని ఊరు. యుద్ధకాలపు అమెరికా జాకెట్ల మీద టాలన్, క్రౌన్, కాన్‌మార్ పేర్లు కనిపిస్తాయి. వైకేకే జపాన్‌ది. తడావో యోషిదా 1934లో టోక్యోలో మొదలుపెట్టిన ఆ సంస్థ అమెరికాలో అడుగుపెట్టింది 1960లో. కనుక వైకేకే జిప్పుతో అసలు 1943 అమెరికా జాకెట్ ఉండదు, జిప్పు తర్వాత మార్చి ఉంటే తప్ప. దీన్ని తిప్పి చదవడం మాత్రం పనికిరాదు. టాలన్ అని ఉన్నంత మాత్రాన పాతది కాదు. ఆ పేరు తర్వాతా కొనసాగింది, పాత జిప్పులను సంపాదించి కొత్త జాకెట్లకు కుట్టేవాళ్లూ ఉన్నారు. జిప్పు కోటు వయసుకు పై హద్దు గీస్తుంది, హామీ ఇవ్వదు.

దారం పరీక్షకు చిన్న అతినీలలోహిత టార్చి చాలు. చీకటి గదిలో కుట్ల మీద వెలుగు వేస్తే యుద్ధకాలపు నూలు దారం మెరవదు. ఆధునిక పాలియెస్టర్ దారం చాలాసార్లు నీలి తెలుపుగా మెరుస్తుంది. గుడ్డ కోట్ల విషయంలో జాగ్రత్త అవసరం. ఇప్పటి సబ్బుపొడుల్లో తెల్లదనం కోసం కలిపే రసాయనాలు అసలైన పాత గుడ్డను కూడా మెరిపిస్తాయి. తోలు జాకెట్‌ను ఎవరూ సబ్బుపొడితో ఉతకరు గనుక అక్కడ ఈ పరీక్షను ఎక్కువ నమ్మవచ్చు.

ఇక తోలు. గుర్రపు తోలు బిగువుగా, నున్నగా ఉండి, మడతపడిన చోట సన్నని ముడతలు పడుతుంది. యుద్ధకాలపు ఏ-2లలో ఎక్కువ భాగం దీంతోనే కుట్టారు. మేక తోలుకు గులకరాళ్లు పరిచినట్టున్న గరుకు, వేలితో తడిమితే తెలుస్తుంది. అమెరికా నౌకాదళ వైమానికుల జీ-1 జాకెట్ మేక తోలుది, కాలర్‌కు బొచ్చు ఉంటుంది, చేతులు ముందుకు చాచడానికి వీపు మీద మడతలు ఉంటాయి. 1986లో "టాప్ గన్" వచ్చాక దీని నకళ్లు లెక్కకు మించి పుట్టాయి. గొర్రె తోలు మెత్తన, గోరు గీస్తే గీత పడుతుంది. బ్రిటిష్ వైమానిక దళపు ఇర్విన్ జాకెట్, అమెరికా బీ-3 ఊలుతో సహా పదును చేసిన గొర్రె తోళ్లవి, లోపలివైపు ఊలు, బయట తోలు. ఎద్దు తోలు మందం, బరువు. మోటార్‌సైకిల్ జాకెట్లలో ఎక్కువగా కనిపిస్తుంది.

రెక్సిన్‌ను తోలని అమ్మడం మన దగ్గరా కొత్త కాదు. చూడాల్సింది పైభాగం కాదు, లోపలి అంచు. జేబు అడుగున అస్తరు కాస్త ఊడిన చోటో, బెల్టు రంధ్రం దగ్గరో కోసిన అంచు కనబడుతుంది. తోలు అంచులో పీచు చిక్కుపడి ఉంటుంది, రెక్సిన్ అంచులో నేసిన గుడ్డ పోగులు వరసగా ఉంటాయి. అగ్గిపుల్ల గీసి కాల్చి చూడమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. పాత వస్తువు మీద ఆ పని ఎప్పుడూ చేయకూడదు, సరైన తోలు కూడా ఆ పరీక్షలో పాడైపోతుంది.

అదే అంచు పదును చేసిన పద్ధతినీ చెబుతుంది. క్రోమియం లవణాలతో పదును చేసిన తోలు, రంగు లోపలిదాకా ఇంకకపోతే, మధ్యలో నీలిబూడిద రంగులో ఉంటుంది. చెట్ల బెరళ్లతో చేసినది గోధుమ రంగులో ఉంటుంది. నల్లని గుర్రపు తోలు జాకెట్ మోచేతుల దగ్గర అరిగి లోపలి గోధుమ రంగు బయటపడటం జపాన్ సేకర్తలకు ప్రాణం. అలాంటి అరుగుదలను కొత్త జాకెట్ మీద గీకి తెప్పించేవాళ్లూ ఉన్నారు కాబట్టి అరిగింది ఎక్కడో చూడాలి. కాలర్ మడత, మోచెయ్యి, జేబు మూత అంచు, జిప్పు చివర్లు అరగాలి. చంక కింద, వీపు పైభాగంలో సమానంగా గీరుకుపోయి ఉంటే అది వేసుకున్న జాకెట్ కాదు, గీకిన జాకెట్.

బెరళ్లతో పదును చేసే విద్యకు తెలుగు నేలతో గట్టి బంధమే ఉంది. బతుకమ్మలో పేర్చే తంగేడు, తెలంగాణ రాష్ట్ర పుష్పం, దక్షిణాది చర్మకారులకు ముందు నుంచీ పనిముట్టు. దాని బెరడుతో పదును చేసిన మేక, గొర్రె, ఆవు తోళ్లు పందొమ్మిదో శతాబ్దం నుంచి మద్రాసు రేవు మీదుగా ఈస్ట్ ఇండియా తోళ్లన్న పేరుతో ఇంగ్లండ్ చేరాయి. చెప్పుల అస్తర్లకు, పుస్తకాల అట్టలకు అక్కడ వాటికి మంచి పేరు. తర్వాత ఆ బెరడు స్థానాన్ని ఎక్కువగా వాటిల్ చెట్టు తీసుకుంది. 1948లో మద్రాసులో మొదలైన కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థను 1958 నుంచి 1971 దాకా నడిపిన యలవర్తి నాయుడమ్మ గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టారు. చర్మకారుల పనిని ప్రయోగశాలలోకి తెచ్చి, ప్రయోగశాలను మళ్లీ వాళ్ల వాకిట్లోకి తీసుకెళ్లిన శాస్త్రవేత్త ఆయన. 1985లో కనిష్క విమాన దుర్ఘటన ఆయన్ను మింగింది. తోలు జాకెట్ అమెరికా వ్యవహారం కావచ్చు, తోలును అర్థం చేసుకునే విద్య మాత్రం తెలుగువారి ఇంటి విద్య.

మోటార్‌సైకిల్ జాకెట్లదొక ప్రత్యేక ప్రపంచం. న్యూయార్క్‌లో షాట్ కంపెనీ 1928లో పర్ఫెక్టో అనే జాకెట్ తెచ్చింది, ఇర్వింగ్ షాట్ తనకిష్టమైన చుట్ట పేరు దానికి పెట్టాడు. వాలుగా నడిచే జిప్పు దాని ముద్ర. మోటార్‌సైకిల్ మీద ముందుకు వంగినప్పుడు నిలువు జిప్పు పొట్టలోకి గుచ్చుకోకుండా, గాలి దూరకుండా అది ఒక పక్కకు వెళుతుంది. 1953లో మార్లన్ బ్రాండో సినిమాతో ఆ రూపం ప్రపంచమంతా పాకింది. బ్రిటన్‌లో లూయిస్ లెదర్స్, అమెరికాలో బ్యూకో, లాంగ్‌లిట్జ్ పేర్లు సేకర్తల నోట ఎక్కువగా వినిపిస్తాయి. ఇవి సైన్యానివి కావు కాబట్టి కాంట్రాక్టు సంఖ్యలుండవు. కంపెనీ లేబుల్ అక్షరాల తీరు ఏ దశకంలో ఎలా ఉండేదో పాత ప్రకటనలు, క్యాటలాగులు పెట్టుకుని పోల్చుకోవాల్సిందే.

కథకు ధర కట్టకూడదు

పాత జాకెట్ల వ్యాపారంలో కోటు కన్నా కథ ఎక్కువ ధర పలుకుతుంది. వీపు మీద బొమ్మ గీసి, బాంబుదాడుల లెక్క గుర్తులుగా వేసి ఉన్న ఏ-2 ధర, బొమ్మ లేనిదానికి ఎన్నో రెట్లుంటుంది. అందుకే అసలైన సాదా జాకెట్ల మీద కొత్తగా బొమ్మలు గీస్తున్నారు. భూతద్దం పెట్టి చూస్తే తోలు ముడతల్లో తేడా తెలుస్తుంది. తోలుతో పాటు ముదిరిన రంగు, ముడత పడిన చోటే పగిలి ఉంటుంది. అప్పటికే ముడతలు పడిన తోలు మీద నిన్న వేసిన రంగు ఆ ముడతల లోతుల్లోకి దిగి కూర్చుంటుంది. చైనాలో పోరాడిన ఫ్లయింగ్ టైగర్స్ వంటి వైమానికుల జాకెట్ల వీపు మీద, విమానం కూలితే స్థానికులు కాపాడాలని చైనా లిపిలో రాసిన పట్టుగుడ్డ ఉండేది. దాని నకళ్లు ఎంత విరివిగా దొరుకుతాయంటే, అది ఉందన్న కారణంతో ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకపోవడమే క్షేమం.

మంచి కథకు పేరుంటుంది, అంకె ఉంటుంది, సరిచూసే దారి ఉంటుంది. అమెరికా సైనికులు తమ బట్టల మీద ఇంటిపేరు మొదటి అక్షరం, సర్వీసు నంబరులో చివరి నాలుగంకెలు రాసుకునేవారు, ఉతికిన బట్టలు ఒకరివి ఒకరికి పోకుండా. అస్తరు మీద వెలిసిన సిరాలో అలాంటి గుర్తు దొరికితే, అమ్మేవారు చెప్పే పేరుతో అది కుదిరితే, అప్పుడు ఆ మాటకు విలువివ్వాలి. కుదరకపోతే మాటను పక్కనబెట్టి కోటుకెంతో అంతే ఇవ్వాలి.

కొత్తగా కుట్టిన నకళ్లన్నీ మోసాలు కావు. జపాన్‌లో బజ్ రిక్సన్స్, రియల్ మెకాయ్స్ వంటి సంస్థలు పాత కాంట్రాక్టు జాకెట్లను పోగు పోగూ విప్పి చదివి, అదే తోలు, అదే కుట్టు, అదే జిప్పుతో మళ్లీ కుడతాయి. విలియం గిబ్సన్ 2003 నాటి "ప్యాటర్న్ రికగ్నిషన్" నవలలో నాయికకు బజ్ రిక్సన్స్ నల్ల ఎంఏ-1 వైమానిక జాకెట్ తొడిగాడు. అలాంటి నల్లదాన్ని ఆ కంపెనీ అప్పటిదాకా కుట్టలేదు, నవల వచ్చాక కుట్టింది. ఈ శ్రద్ధ మెచ్చుకోదగ్గది. చిక్కు రెండో చేతిలో వస్తుంది. ఇలాంటి నకలును కొని, కంపెనీ లేబుల్ కోసేసి, కొన్నేళ్లు వాడాక యుద్ధకాలపుదని అమ్మేవారుంటారు. అసలు కాంట్రాక్టు సంఖ్యలనే వాళ్లు లేబుళ్ల మీద వేస్తారు కాబట్టి అంకె ఒక్కటీ చాలదు. అంకె, జిప్పు, దారం, అరుగుదల, నాలుగూ ఒకే మాట చెప్పాలి.

ఓపిక సేకర్తకు పెట్టుబడి లాంటిదే. అమ్మేవారు తొందరపెడుతున్నారంటే, ఇంకెవరో కొనబోతున్నారని పదే పదే చెబుతున్నారంటే, ఆ రోజుకు లేచి వచ్చేయడం మంచిది. దూరం నుంచి కొనేటప్పుడు లేబుల్, జిప్పు లాగుడు ముందూ వెనకా, కాలర్ కింద, చంక, నడుము అల్లిక, వీటి ఫొటోలు అడగాలి. ఫొటో పంపడానికి తటపటాయించే చోట డబ్బు పంపకూడదు. కొలతల విషయంలో లేబుల్ మీది సైజును నమ్మకూడదు. పాత సైజులు ఇప్పటివాటికన్నా బిగుతుగా ఉంటాయి, పాత తోలు కాలంతో పాటు కుదించుకుపోతుంది కూడా. జాకెట్‌ను బల్ల మీద పరిచి చంక నుంచి చంకకు టేపు పెట్టి, వచ్చినదాన్ని రెట్టింపు చేయాలి. ఛాతీ 40 అంగుళాలున్నవారికి ఆ రెట్టింపు 43, 44 వస్తే లోపల చొక్కాతో హాయిగా పడుతుంది.

అమెరికాలో ఉన్న తెలుగువారికి ఈ సేకరణ నిజంగా అందుబాటులో ఉన్న పని. కాలిఫోర్నియా పాసడీనాలో ప్రతి నెలా రెండో ఆదివారం రోజ్ బౌల్ సంత జరుగుతుంది. మసాచుసెట్స్‌లోని బ్రిమ్‌ఫీల్డ్ పాతవస్తువుల జాతర ఏడాదికి మూడుసార్లు, మే, జులై, సెప్టెంబరుల్లో. పెద్దవాళ్లు పోయాక ఇంటి సామాను అమ్మే చోట్ల గరాజ్ మూలల్లో కూడా మంచి కోట్లు బయటపడతాయి. లండన్‌లో ఉన్నవారికి శుక్రవారం పోర్టోబెల్లో రోడ్డు ఉంది. ఇండియాలో దారి వేరు. వాడిన బట్టల దిగుమతి మీద ఇక్కడ ఆంక్షలున్నాయి. వచ్చేవాటిలో చాలా భాగం ముక్కలు చేసిన స్థితిలో పానిపట్టు మిల్లులకు చేరి మళ్లీ దారమవుతుంది. విదేశం నుంచి తెప్పించుకోవాలనుకునేవారు కస్టమ్స్ నిబంధనలు ముందే తెలుసుకోవాలి. వచ్చేటప్పుడు ఒంటి మీద వేసుకొచ్చిన జాకెట్‌కు ఆ తలనొప్పి ఉండదు.

ఇండియాలో ఉండేవారు మరొక విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. సైనికుడు కానివారు తాము సైనికులమని ఇతరులు నమ్మాలన్న ఉద్దేశంతో సైనిక దుస్తులు వేసుకోవడం భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద నేరం. పాత శిక్షాస్మృతిలో అది 140వ సెక్షన్. 2016 జనవరిలో పఠాన్‌కోట్ ఉగ్రవాద దాడి తర్వాత, పోరాట దుస్తుల నమూనా బట్టలు వేసుకోవద్దని, అమ్మవద్దని సైన్యం ప్రజలకూ దుకాణదారులకూ విజ్ఞప్తి చేసింది. 2022 జనవరి 15న సైనిక దినోత్సవం నాడు ప్రదర్శించిన కొత్త డిజిటల్ నమూనా మీద సైన్యం హక్కులు నమోదు చేయించుకుంది. విదేశీ సైన్యపు సాదా ఆకుపచ్చ కోటు చలికి వేసుకోవడం ఒక సంగతి. మన సైన్యపు నమూనా వేసుకుని బజారులో తిరగడం మరో సంగతి, దాని జోలికి పోకూడదు. సేకరణలో ఉంచుకోవాలంటే బీరువాలో ఉంచుకోవచ్చు.

ఆ బీరువా గురించి కూడా చెప్పుకోవాలి. విశాఖ నుంచి నెల్లూరు దాకా కోస్తా తేమ తోలుకు చలిదేశాల్లో లేని శత్రువు. వానాకాలంలో రెండు వారాలు తలుపు తీయకపోతే కాలర్ మీద బూజు తెల్లగా పొడుస్తుంది. సన్నని ఇనుప హ్యాంగర్ మీద తగిలిస్తే భుజాలు బొడిపె కడతాయి, వెడల్పాటి చెక్క హ్యాంగర్ కావాలి. ప్లాస్టిక్ సంచి వద్దు, పాత నూలు దుప్పటి కప్పాలి. సిలికా జెల్ పొట్లాలు పెట్టి, నెలకోసారి తీసి ఎండబెట్టి మళ్లీ పెట్టాలి. కోటును మాత్రం ఎండలో ఆరేయకూడదు, నీడలో ఫ్యాను గాలికి ఉంచాలి. బూజు పొడిస్తే ఇంటి బయట మెత్తని బ్రష్‌తో దులపాలి. ఇంట్లో అందరూ చేసే తప్పు కొబ్బరి నూనె రాయడం. ఆ రోజుకు నిగనిగలాడుతుంది, తర్వాత కారిపోయి దుమ్ము పట్టి వాసన వేస్తుంది. కలరా ఉండలు బీరువాలో మూలన పెట్టవచ్చు, తోలుకు తగలనివ్వకూడదు. బెరడుతో పదును చేసిన చాలా పాత తోలు ఎర్రని పొడిగా రాలుతుంటే అది లోపలి నుంచి శిథిలమవుతున్న జబ్బు. నూనెలూ క్రీములూ దాన్ని బాగుచేయవు. చేతికి ఆ పొడి అంటుకునే కోటును కొనకపోవడమే మేలు.

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ అక్కడి నుంచి మనుషులు వెళ్లారు, తరం తర్వాత తరం వెళుతూనే ఉన్నారు. అలాంటి ఊళ్లలో, సికింద్రాబాద్ కంటోన్మెంట్ చుట్టుపక్కల ఇళ్లలో, ట్రంకు పెట్టె అడుగున ఒక బరువైన ఊలు కోటు ఉంటే దాన్ని బజారు వస్తువుగా చూడకూడదు. ఉతకకూడదు, ఇత్తడి గుండీలకు మెరుగు పెట్టకూడదు, ఊడిన బ్యాడ్జీని అలంకారం కోసం మళ్లీ కుట్టకూడదు. ముద్రలు ఎక్కడున్నాయో, ఏ అంకెలున్నాయో ఫొటో తీయాలి. తర్వాత ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగాలి: ఎవరి కోటు, ఏ రెజిమెంటు, సర్వీసు నంబరు ఎంత, ఎక్కడెక్కడ పనిచేశారు, కోటు ఇంటికి ఏ ఏడు వచ్చింది. చెప్పినది చెప్పినట్టు కాగితం మీద రాసి, చెప్పినవారి పేరూ తేదీ వేసి, డిశ్చార్జి పుస్తకం ఉంటే దాని నకలు జతచేసి, కోటు జేబులో కాకుండా దాని పక్కన విడిగా కవరులో ఉంచాలి. కాగితంలోని ఆమ్లం గుడ్డకు మరక చేస్తుంది. రేపు దాన్ని మ్యూజియానికిచ్చినా, మనవడికిచ్చినా, ఆ కవరు కోటుతో పాటే వెళ్లాలి.